కారు ఎందుకు వేడెక్కుతోందో స్కానర్‌లో చదవడం ఎలా

మే నెల మధ్యాహ్నం హైదరాబాద్ పంజాగుట్ట సిగ్నల్ దగ్గర కారు ఆగి ఉంది. బయట ఎండ 42 డిగ్రీలు. ముందున్న బస్సు వేడి, పక్కనున్న ఆటో వేడి అంతా మన రేడియేటర్ మీదికే వస్తుంది. సరిగ్గా అప్పుడే ఏసీ చల్లదనం తగ్గిపోతే చాలామంది గ్యాస్ అయిపోయిందనుకుని ఏసీ షాపుకు వెళ్తారు. గ్యాస్ నింపించుకుని వచ్చాక మళ్లీ అదే సిగ్నల్ దగ్గర అదే కథ. కారు కదిలితే చల్లగా, ఆగితే వెచ్చగా వస్తోందంటే ముందు అనుమానించాల్సింది గ్యాస్‌ని కాదు, ఫ్యాన్‌ని. ఏసీ గ్యాస్ వేడిని బయటికి వదిలే కండెన్సర్, ఇంజిన్ రేడియేటర్ ఒకదాని వెనక ఒకటి ఉంటాయి. చాలా కార్లలో రెండింటికీ గాలి లాగేది ఒకే ఫ్యాన్. పైగా ఇంజిన్ వేడి ఒక హద్దు దాటితే చాలా కార్లలో ఈసీయూ (ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్) ఏసీ కంప్రెసర్‌ను తనంతట తానే ఆపేస్తుంది. అంటే ఏసీ మొరాయించడం ఒక్కోసారి ఇంజిన్ ఇచ్చే మొదటి హెచ్చరిక.

ఆ హెచ్చరిక డాష్‌బోర్డు మీద కనిపించదా అంటే, చాలాసార్లు కనిపించదు. టెంపరేచర్ ముల్లును కంపెనీలు కావాలనే మొద్దుగా తయారుచేస్తాయి. చాలా కార్లలో కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరచడానికి అందులో తిరిగే ద్రవం) వేడి 80 డిగ్రీలున్నా, 105 ఉన్నా ముల్లు మధ్యలోనే కదలకుండా నిలబడుతుంది. అది కొంచెం అటూ ఇటూ ఊగితే జనం టెన్షన్ పడి సర్వీస్ సెంటర్‌కు పరిగెత్తుతారని ఈ ఏర్పాటు. కొత్త కార్లలో చాలావాటికి ఆ ముల్లు కూడా లేదు, ఒక ఎర్ర దీపం మాత్రమే. అది వెలిగేసరికి ఇంజిన్ హెడ్‌కు, అంటే సిలిండర్ల పైభాగానికి, నష్టం మొదలై ఉండొచ్చు. అసలు అంకె ఈసీయూకి ప్రతి క్షణం తెలుసు. దాన్ని మనం అడిగి తీసుకోవాలి.

అడగడానికి దారి స్టీరింగ్ కింద ఉండే పదహారు పిన్నుల సాకెట్. మన దేశంలో బీఎస్-4 కార్లకు 2013 ఏప్రిల్ నుంచి ఓబీడీ (కారు తన లోపాలను తానే కనిపెట్టి చెప్పే ఏర్పాటు) రెండో దశ తప్పనిసరి అయింది. ఆ తర్వాత వచ్చిన చాలా కార్లలో ఈ సాకెట్ పనిచేస్తుంది. దానికి గుచ్చే ఈఎల్ఎం327 రకం బ్లూటూత్ అడాప్టర్ వెయ్యి రూపాయల లోపే దొరుకుతుంది. ఫోన్‌లో టార్క్, కార్ స్కానర్ లాంటి యాప్ ఒకటి వేసుకుంటే కూలెంట్ వేడి, ఇంజిన్ ఆర్పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు), వేగం, లోడు (ఇంజిన్ మీద పడుతున్న భారం), లోపలికి పీల్చే గాలి వేడి అంకెల్లోనూ గ్రాఫులోనూ కనిపిస్తాయి. గ్యారేజీల్లో ఉండే పెద్ద స్కానర్లు ఇంకో మెట్టు పైన ఉంటాయి. ఈసీయూ ఫ్యాన్‌కు ఆర్డరు ఇచ్చిందా లేదా చూపించగలవు, మనమే ఫ్యాన్‌ను తిప్పమని ఆర్డరు ఇచ్చేలా కూడా చేయగలవు.

ఇక్కడే చాలామంది పొరబడతారు. స్కానర్ పెట్టగానే చెడిపోయిన పార్టు పేరు తెర మీద పడుతుందని అనుకుంటారు. గ్యారేజీలో కూడా కోడ్ (లోపం కనబడినప్పుడు ఈసీయూ నమోదు చేసే గుర్తు) చూడటం, దాని ఎదురుగా రాసిన పార్టు మార్చడం, కోడ్ క్లియర్ చేయడం, ఇదే ‘కంప్యూటర్ చెకప్’ అయిపోయింది. కూలింగ్ విషయంలో ఈ పద్ధతి తరచుగా తప్పుదారి పట్టిస్తుంది. ఇంజిన్ ఎంత వేడిగా ఉందన్నది సగం సమాచారమే. ఆ వేడి ఎప్పుడు పెరిగింది, అప్పుడు కారు కదులుతోందా, ఆగి ఉందా, ఫ్యాన్ తిరుగుతోందా, లోడు ఎంత ఉంది అన్నవి కలిపి చూస్తేనే లోపం ఎటువైపు ఉందో తేలుతుంది.

ముందు మామూలుగా ఎలా ఉండాలో తెలుసుకోవాలి. ఇంజిన్ నుంచి రేడియేటర్‌కు పోయే దారిని తెరిచి మూసే వాల్వు థర్మోస్టాట్. దాని లోపల మైనం ఉంటుంది. కూలెంట్ చాలా కార్లలో 82 నుంచి 88 డిగ్రీలకు చేరినప్పుడు ఆ మైనం కరిగి, వ్యాకోచించి, వాల్వును తెరవడం మొదలుపెడుతుంది. అప్పటిదాకా నీరు ఇంజిన్ లోపలే తిరుగుతుంది, రేడియేటర్‌కు పోదు. అందుకే ఇంజిన్ త్వరగా వేడెక్కుతుంది. ఆ తర్వాత వేగంగా పోతుంటే ఎదురుగాలి చాలు. ఆగి ఉంటే వేడి మెల్లగా 95, 97 దాకా ఎక్కుతుంది, ఫ్యాన్ తిరుగుతుంది, 91, 92కు దిగుతుంది, ఫ్యాన్ ఆగుతుంది. గ్రాఫులో ఇది రంపపు పళ్లలాగా కనిపిస్తుంది. ఏసీ వేసి ఉంటే ఫ్యాన్ ఎలాగూ తిరుగుతూ ఉంటుంది కాబట్టి ఆ పళ్లు అంతగా కనబడకపోవచ్చు. కొన్ని కొత్త ఇంజిన్లు మైలేజీ కోసం, పొగ తగ్గడం కోసం కావాలనే 100 డిగ్రీల దాకా వేడిగా నడుస్తాయి. అందుకే పక్కవాడి కారు అంకెతో మీ కారు అంకెను పోల్చకండి.

అంకె వంద దాటితే నీరు మరిగిపోయినట్టేనా అని అడిగేవాళ్లున్నారు. హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్ల పైన ఉంది కాబట్టి ఇక్కడ మూత లేని గిన్నెలో నీళ్లు 98 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. కానీ రేడియేటర్ మూత ప్రెషర్ కుక్కర్ మూత చేసే పనే చేస్తుంది. సుమారు ఒక బార్ ఒత్తిడిని లోపల పట్టి ఉంచితే, సగం గ్లైకాల్ కలిసిన కూలెంట్ 120 డిగ్రీలు దాటినా మరగదు. మూత రబ్బరు పాడై ఒత్తిడి నిలవకపోతే 105 దగ్గరే లోపల బుడగలు మొదలవుతాయి. కొన్ని వందల రూపాయల మూత వల్ల పెద్ద ఇంజిన్ పనులు మీద పడ్డ కార్లు ఎన్నో ఉన్నాయి. ఈ మూత సంగతి స్కానర్‌లో ఏ కోడ్‌గానూ రాదు.

ఇక అసలు పరీక్ష. దీనికి మన ఊరి రోడ్లు భలే అనుకూలం. సాయంత్రం పంజాగుట్ట నుంచి ఖైరతాబాద్, లక్డీకాపూల్, మాసబ్‌ట్యాంక్ మీదుగా మెహదీపట్నం దాకా నత్తనడక. అక్కడ పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కితే ఆరాంఘర్ దాకా 11.6 కిలోమీటర్లు సిగ్నల్ లేకుండా ఒకే వేగం. ఒక్క ప్రయాణంలో రెండు రకాల నడక దొరుకుతుంది. యాప్‌లో కూలెంట్ వేడి, వేగం, ఆర్పీఎం, లోడు ఈ నాలుగే రికార్డుకు పెట్టండి. పాతిక అంకెలు ఎంచుకుంటే చవక అడాప్టర్లు ఒక్కోదాన్ని చాలా ఆలస్యంగా తెస్తాయి, గ్రాఫులో అసలు మలుపులు జారిపోతాయి. ఫోన్ పక్కసీటులో కూర్చున్నవాళ్ల చేతిలో ఉండాలి. నడిపేవాళ్లు తెర చూడకూడదు.

లక్డీకాపూల్ దగ్గర ఆగి ఉన్నప్పుడు వేడి 100, 104, 108 అని ఎక్కుతూ పోయి, ఎక్స్‌ప్రెస్‌వే మీద వేగం అందుకోగానే 90కి దిగిందనుకుందాం. నీరు బాగానే తిరుగుతోంది, రేడియేటర్ బాగానే చల్లబరుస్తోంది. లేనిది గాలి. అంటే చూడాల్సింది ఫ్యాన్, దాని ఫ్యూజు, రిలే (ఈసీయూ సైగతో ఫ్యాన్‌కు కరెంటు కలిపే స్విచ్చి), ఫ్యాన్ చుట్టూ ఉండే ప్లాస్టిక్ తొడుగు, ఇంకా కండెన్సర్ రెక్కల మధ్య పేరుకున్న దుమ్ము. మెట్రో, ఫ్లైఓవర్, అపార్ట్‌మెంట్ పనుల మధ్య తిరిగే కారుకు ఆ రెక్కల్లో సిమెంటు దుమ్ము గట్టిపడి ఉంటుంది. రెండు వేగాల ఫ్యాన్ ఉన్న కొన్ని కార్లలో తక్కువ వేగానికి ఒక రెసిస్టర్ వాడతారు. అది కాలిపోతే తక్కువ వేగం పోతుంది, ఎక్కువ వేగం మాత్రమే మిగులుతుంది. అప్పుడు ఫ్యాన్ తిరిగేది చాలా ఆలస్యంగా, పెద్ద శబ్దంతో. ‘ఫ్యాన్ తిరుగుతోంది కదా సార్’ అని మెకానిక్ చెప్పేది అబద్ధం కాదు, కానీ అది పూర్తి సమాధానమూ కాదు. ఎన్ని డిగ్రీల దగ్గర తిరగడం మొదలైందో గ్రాఫే చెప్పాలి.

దీనికి తిరగబడిన గ్రాఫు కూడా ఉంటుంది. ట్రాఫిక్‌లో నిలకడగా ఉండి, ఎక్స్‌ప్రెస్‌వే మీదో, వికారాబాద్ వైపు అనంతగిరి గుట్టల ఎక్కుడులోనో వేడి ఎక్కుతూ పోతుంది. యాక్సిలరేటర్ వదిలితే దిగుతుంది. గాలి పుష్కలంగా ఉంది కాబట్టి ఫ్యాన్‌ను మార్చినా ఏమీ ఒరగదు. ఇంజిన్ పుట్టించే వేడిని నీరు మోసుకుపోలేకపోతోంది, లేదా రేడియేటర్ వదిలించుకోలేకపోతోంది. లోపల పూడుకుపోయిన రేడియేటర్, రెక్కలు తినుకుపోయిన వాటర్ పంప్, జారుతున్న బెల్టు, తక్కువైన కూలెంట్, పూర్తిగా తెరుచుకోని థర్మోస్టాట్, ఇవన్నీ ఇక్కడ అనుమానితులే. మన నగరంలో ఇందులో మొదటిదానికి బలమైన కారణం ఉంది. చాలా కాలనీల్లో బోరు నీళ్లు గట్టి నీళ్లు. అపార్ట్‌మెంట్ కుళాయి చివర కట్టే తెల్లటి పొరే రేడియేటర్ సన్నటి గొట్టాల్లోనూ కడుతుంది. కూలెంట్ తగ్గిందని వాచ్‌మన్‌తో పైపు పెట్టించి బోరు నీళ్లు నింపించడం ఎంత మామూలో మనకు తెలుసు. దారిలో తప్పనిసరై పోస్తే పోయండి, కానీ ఆ వారంలోనే అవి తీయించి, మాన్యువల్‌లో రాసిన రకం కూలెంట్‌ను డిస్టిల్డ్ వాటర్‌తో కలిపి పోయించండి.

మూడో రకం గ్రాఫులో వేడి ఎక్కడమే ఉండదు. బయల్దేరి ఇరవై నిమిషాలైనా 80కి చేరదు, ఎక్స్‌ప్రెస్‌వే మీద 65, 70కి పడిపోతుంది. థర్మోస్టాట్ తెరుచుకున్న చోటే ఇరుక్కుపోయింది, లేదా అసలు లేదు. ‘లేదు’ అనడానికి కారణం ఉంది. మన గ్యారేజీల్లో ‘ఇది వేడి దేశం, థర్మోస్టాట్ ఎందుకు, తీసేద్దాం’ అనే మాట ఏళ్ల తరబడి నడుస్తోంది. బండి వేడెక్కిందని ఒకసారి వెళ్తే దాన్ని పీకి పక్కన పడేస్తారు, యజమానికి చెప్పరు కూడా. ఇది చాలా నష్టం చేసే పని. ఇంజిన్ చల్లగా ఉందని ఈసీయూ అదనంగా పెట్రోల్ పోస్తూనే ఉంటుంది. మైలేజీ పడిపోతుంది, ఆ పెట్రోల్ ఆయిల్‌లో కలుస్తుంది, ఇంజిన్ లోపలి భాగాలు త్వరగా అరుగుతాయి. ఇంకో సంగతి కూడా ఉంది. కొన్ని ఇంజిన్లలో థర్మోస్టాట్ తెరుచుకునేటప్పుడే బైపాస్ దారిని మూసేస్తుంది. అలాంటి ఇంజిన్‌లో దాన్ని పీకేస్తే సగం నీరు రేడియేటర్‌కు పోకుండా అడ్డదారిలో ఇంజిన్‌లోకే తిరిగి వచ్చేస్తుంది. చల్లబరచడానికని తీసినదే వేసవిలో ఇంకా వేడెక్కిస్తుంది. ఫ్యాన్‌ను బ్యాటరీకి డైరెక్ట్‌గా కట్టేయడం కూడా ఇలాంటిదే. అసలు లోపం అక్కడే ఉంటుంది, దాన్ని పట్టించే గుర్తు మాత్రం చెరిగిపోతుంది.

ఈ మూడో రకానికి వచ్చే కోడ్ పీ0128. కూలెంట్ వేడి థర్మోస్టాట్ నిలబెట్టాల్సిన స్థాయికి చేరలేదని దాని అర్థం. ఇంజిన్ ఎంత వేడితో మొదలైంది, ఎంత గాలి పీల్చింది లాంటివి లెక్కేసి, ఈపాటికి ఇంత వేడెక్కి ఉండాలి అని ఈసీయూ అంచనా కడుతుంది. అంచనా తప్పితే కోడ్ పెడుతుంది. అందుకే డిసెంబర్, జనవరి చలి ఉదయాల్లో ఈ కోడ్ వచ్చి, మార్చి నాటికి మాయమయ్యే కార్లుంటాయి. ఎండాకాలం దాన్ని బాగుచేయదు, కప్పిపుచ్చుతుంది అంతే. కూలెంట్ బాగా తగ్గినప్పుడు కూడా ఇదే కోడ్ రావొచ్చు కాబట్టి థర్మోస్టాట్ కొనే ముందు, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు మూత తీసి చూడటం ధర్మం.

కోడ్‌ల గురించి ఇంకొంత చెప్పాలి. పీ0217 అంటే ఇంజిన్ అతిగా వేడెక్కింది అని మాత్రమే, ఎందుకు అన్నది అందులో ఉండదు. పీ0480 చూడగానే కొత్త ఫ్యాన్ మోటారు కొనిపిస్తుంటారు. ఆ కోడ్ చెప్పేది ఫ్యాన్ కంట్రోల్ సర్క్యూట్ గురించి. చాలా కార్లలో ఈసీయూ నేరుగా మోటారును తిప్పదు, రిలేకు మాత్రమే సైగ చేస్తుంది. రిలే కాయిల్, దాని దాకా వెళ్లే వైరు సరిగా ఉన్నాయా అన్నదే దానికి తెలుస్తుంది. రిలే దాటిన తర్వాత మోటారు పూర్తిగా కాలిపోయినా అలాంటి కార్లలో కోడ్ రాకపోవచ్చు. కాబట్టి కోడ్ ఉంటే మోటారు చెడినట్టు కాదు, కోడ్ లేకపోతే మోటారు బాగున్నట్టూ కాదు. పెద్ద స్కానర్ ఉన్న గ్యారేజీలో ఫ్యాన్‌ను ఆన్ చేయమని ఆర్డరు ఇప్పించండి. రిలే టక్కుమని, ఫ్యాన్ కదలకపోతే లోపం రిలే తర్వాత ఉంది. రిలేనే పలకకపోతే అంతకు ముందు ఉంది. ఇంత సులువైన పరీక్షకు అరగంట కూడా పట్టదు. ఇది చేశాకే రాణిగంజ్‌కో, పుత్లీబౌలికో పార్టుల కోసం వెళ్లాలి.

సెన్సార్ కోడ్‌లకు వేరే లెక్క ఉంది. కూలెంట్ సెన్సార్ వేడెక్కే కొద్దీ దాని విద్యుత్ నిరోధం తగ్గుతుంది. గది వేడిలో సుమారు రెండు మూడు వేల ఓమ్‌లుండేది, ఇంజిన్ పూర్తిగా వేడెక్కాక రెండు మూడు వందలకు పడిపోతుంది. వైరు తెగిపోతే నిరోధం అనంతం, ఈసీయూ దాన్ని విపరీతమైన చలిగా చదువుతుంది. అప్పుడు పీ0118 వస్తుంది, యాప్‌లో మైనస్ 40 కనబడుతుంది. ఓబీడీ పద్ధతిలో ఈ అంకె ఒకే బైటులో వస్తుంది, అందులోంచి 40 తీసేస్తే డిగ్రీలు. బైటు సున్నా అయితే మైనస్ 40. హైదరాబాద్‌లో ఏ రోజు ఆ అంకె కనబడినా అది వాతావరణం కాదు, తెగిన వైరో ఊడిన కనెక్టరో. వైరు బాడీకి తగిలి షార్ట్ అయితే దీనికి వ్యతిరేకంగా అతి వేడి చూపించి పీ0117 వస్తుంది. రెండు సందర్భాల్లోనూ చాలా కార్లు జాగ్రత్త కోసం ఫ్యాన్‌ను ఆపకుండా తిప్పుతాయి. పొద్దున్నే చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేయగానే, ఏసీ వేయకుండానే ఫ్యాన్ హోరెత్తితే సెన్సార్ వైపు చూడండి.

కోడ్ ఏదీ రాకుండానే సెన్సార్ అబద్ధం చెప్తుంటే పట్టుకోవడానికి ఖర్చు లేని పద్ధతి ఒకటుంది. రాత్రంతా నీడలో నిలిచిన కారును పొద్దున స్టార్ట్ చేయకుండా, తాళం మాత్రం తిప్పి యాప్ తెరవండి. కూలెంట్ వేడి, పీల్చే గాలి వేడి రెండూ దాదాపు ఒకటే ఉండాలి, మహా అయితే రెండు మూడు డిగ్రీల తేడా. గాలి 27, కూలెంట్ 41 అని చూపిస్తే రెండింట్లో ఒకటి నమ్మదగింది కాదు. నా దృష్టిలో ఈ చిన్న పరీక్ష చేయకుండా గ్రాఫులు చదవడానికి కూర్చోకూడదు.

గ్రాఫులో ఒక్కోసారి అంకె క్షణాల్లో 15 డిగ్రీలు పడి మళ్లీ లేస్తుంది. లీటర్ల కొద్దీ నీరు అంత వేగంగా వేడెక్కలేదు, చల్లబడలేదు. ఒక్కసారిగా మైనస్ 40కో, 130 పైకో దూకితే లూజు వైరు. ఆర్పీఎం పెంచినప్పుడల్లా ఎగిరిపడుతుంటే కూలెంట్ తగ్గి, లోపల గాలి చేరి ఉండొచ్చు. ఈ రెండోది చాలా ప్రమాదం. సెన్సార్ మొన నీటిలో మునిగి ఉన్నప్పుడే అది నిజం చెప్పగలదు. నీరు పోయి ఆవిరో, గాలో మిగిలితే సెన్సార్ 85 అని చూపిస్తుండగానే హెడ్ లోహం కాలిపోతూ ఉండొచ్చు. హోసు పగిలి కూలెంట్ అంతా రోడ్డు మీద కారిపోయినా యాప్‌లో అంకె తగ్గుతూ కనబడిందంటే సంతోషపడకండి, వెంటనే ఇంజిన్ ఆపండి.

సాఫ్ట్‌వేర్‌కు నీటి మట్టం, ఒత్తిడి, ప్రవాహం ఇవేవీ చాలా కార్లలో తెలియవు. దానికున్నది ఒకట్రెండు చోట్ల పెట్టిన సెన్సార్ మాత్రమే. మిగతాది చేతులతో, కళ్లతో చూడాల్సిందే. హెడ్ గాస్కెట్ (హెడ్‌కూ కింది ఇంజిన్ భాగానికీ మధ్య ఉండే సీలు) పోవడం దీనికి పెద్ద ఉదాహరణ. సిలిండర్‌లోని మంట గ్యాసులు కూలెంట్‌లోకి దూరుతుంటాయి. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసిన రెండు నిమిషాలకే, యాప్‌లో ఇంకా 45 డిగ్రీలే ఉండగా, పై హోసు రాయిలా గట్టిపడుతుంది. వేడి లేకుండా ఒత్తిడి వచ్చిందంటే అది మంట గ్యాసు ఒత్తిడే. రిజర్వాయర్‌లో ఆగకుండా బుడగలు, ఎగ్జాస్ట్‌లో తగ్గని తెల్ల పొగ, ఆయిల్ మూత కింద పాల మీగడ లాంటి జిగురు ఉంటే అనుమానం బలపడుతుంది. నిర్ధారణకు రేడియేటర్ నోటి దగ్గర నీలం ద్రవం పెట్టి చేసే పరీక్ష ఉంది. మంట గ్యాసు తగిలితే అది పసుపు రంగుకు మారుతుంది. హెడ్ దింపడానికి ఒప్పుకునే ముందు ఈ పరీక్ష అడగండి, ఎందుకంటే హెడ్ దింపాక వెనక్కి వెళ్లడం ఉండదు.

గ్యారేజీకి వెళ్లినప్పుడు ఒక మాట మర్చిపోవద్దు. ‘భాయ్, కోడ్ క్లియర్ చేసే ముందు ఫ్రీజ్ ఫ్రేమ్ ఒకసారి చూపించండి’ అని అడగండి. కోడ్ పెట్టిన క్షణంలో వేగం, ఆర్పీఎం, లోడు, వేడి ఎంత ఉన్నాయో ఈసీయూ దాచి ఉంచే చిత్రం అది. వేగం సున్నా, ఆర్పీఎం 750, కూలెంట్ 117 అని ఉంటే లోపం ట్రాఫిక్ రకం. వేగం 95, లోడు 80 శాతం అని ఉంటే హైవే రకం. కోడ్ క్లియర్ చేస్తే ఈ చిత్రం కూడా పోతుంది. ఫోన్‌లో ఫోటో తీసుకోండి, మీదే కారు, అడగడానికి మొహమాటపడాల్సిన పని లేదు.

దారిలోనే అంకె పైకి పోతుంటే ఏసీ ఆపి, హీటర్ ఫుల్ పెట్టండి. ఉక్కగా ఉన్నా ఇంజిన్ వేడి కొంత క్యాబిన్‌లోకి వచ్చేస్తుంది. తగ్గకపోతే పక్కకు తీసి ఇంజిన్ ఆపండి. వేడి మీద మూత తిప్పకూడదు, ఎగజిమ్మే నీరు ముఖం కాల్చేస్తుంది. ఇంజిన్ మీద చల్లటి నీళ్లు కుమ్మరించకూడదు, లోహం పగలొచ్చు.

బాగుచేయించాక కూలెంట్ వ్యవస్థలో గాలి పూర్తిగా తీశారా అని అడగాలి. లేకపోతే కొత్త పార్టులతో కూడా పాత గ్రాఫే వస్తుంది. తర్వాత అదే సాయంత్రం వేళ, ఏసీ అదే స్థాయిలో పెట్టి, పంజాగుట్ట నుంచి ఆరాంఘర్ దాకా అదే నాలుగు అంకెలు మళ్లీ రికార్డు చేసి పాత గ్రాఫు పక్కన పెట్టండి. కొన్ని రోజులు నడిపాక పెండింగ్ కోడ్‌లు కూడా చూడండి. దీపం వెలగకముందే ఈసీయూ అనుమానాలు అక్కడే నమోదవుతాయి. పని అయ్యాక అడాప్టర్ పీకేయండి. సాకెట్‌లో బ్యాటరీ కరెంటు ఎప్పుడూ ఉంటుంది కాబట్టి, కారు వారం రోజులు కదలకుండా ఉంటే ఆ చిన్న పరికరమే బ్యాటరీని దించేయగలదు.